వెనక సగంలోంచి

వయాల్లాలో గాలికి రెండు రంగులు.
సముద్రం వైపునుంచి వస్తే తెల్లన, ఉప్పన.
ఉక్కు ఫ్యాక్టరీ మీంచి వస్తే ఎర్రన.
ఆ రోజు తీగ మీద ఆరేసిన దుప్పట్లన్నీ
ఇటుక పొడి చల్లినట్టయ్యేవి.

అమ్మ అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు.
నాకు పదేళ్లు.
ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చోలేక
కంచె దూరి హైస్కూలు మైదానంలోకి పోయేదాన్ని.
అక్కడ జనీన్ ట్రెలోర్
ఒక్కతే
గిర్రున తిరుగుతుండేది.

ఆరడుగుల మనిషి.
పగలంతా ఫ్యాక్టరీ జీతాల గదిలో
చిన్న కుర్చీ, చిన్న అంకెలు.
ఐదు దాటితే సిమెంటు వలయం.
అదీ చిన్నదే, మా వంటగదంత.
అందులో ఒకటిన్నర చుట్టు:
పాదం ముందు, నడుము తర్వాత,
భుజం ఆ తర్వాత,
చెయ్యి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న,
ముహూర్తం దాటబోతుండగా దిగిన మేనమామలా
రావడం రావడమే అంతా తనదన్నట్టు.

చూపుడువేలి కొస వదిలాక
కిలో బరువు
పక్కకు ఒరిగి, గాలి మీద పడుకునేది.

నా పని ఏరుకురావడం.
కూలి, రోజుకో పుల్ల ఐసు.

సుదర్శన చక్రమన్నమాట, అంది అమ్మ.
కాదమ్మా, అది తిరిగొస్తుంది కదా.
దీన్ని నేను తేవాలి.

ఇనుప అంచు మీద వేలు పెట్టి
ఆమె తిరిగిన ఊళ్లు చదివేదాన్ని.
ఈ నొక్కు క్రైస్ట్‌చర్చ్‌లో రాయి తగిలి.
ఈ గీత ఏదో చలిదేశంలో
వల స్తంభానికి కొట్టుకుని.
కామన్వెల్త్ పోటీల్లో నాలుగో స్థానం.
పతకం ఎంత దూరంలో పోయిందంటే
నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి చూపించింది.
మా భాషలో దానికో మాటుంది, బెత్తెడు, అన్నాను.
బెట్టెడూ, బెట్టెడూ, అని
వలయం ఊడుస్తూ చాలాసేపు నేర్చుకుంది.

ఎదురుగాలంటే మాకు కష్టాలు.
ఆమె దానికోసం కాచుకునేది.
ఎడమచేత్తో గడ్డి తెంపి ఎగరేసి
అది మొహాన పడితే నవ్వేది.

ఒలింపిక్స్ రాత్రి అమ్మా నేనూ టీవీ ముందు.
మొదటిది వలకు.
రెండోది గీత అవతలికి.
మూడోది,
అమ్మ చేతిలో చారు గ్లాసు అలాగే ఉండిపోయింది,
మూడోది దిగనే దిగనంది.
ఎర్ర జెండా లేచింది.
బొటనవేలు ఇనుప పట్టీని తాకిందట.
టేపు పట్టుకున్నవాళ్లు కదల్లేదు.
అది ఎంత దూరమో
ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

సోమవారం జీతాల గది.
ఐదుకి మైదానం.
నేను ఏం అనాలో తెలీక డిస్కస్‌ని గౌనుతో తుడుస్తుంటే
తనే అంది:
విసిరాక దాని వెంట పోకూడదు, పిల్లా.
నేలను తాకేదాకా నిలబడాలి.
తాకాక, వెనక సగంలోంచి, నడిచి, బయటికి.
లేకపోతే
విసిరింది విసిరినట్టు కాదు.

పాఠం చెప్పిందనుకున్నాను చాలా ఏళ్లు.
ఉత్త నిబంధన. పుస్తకంలో ఉంది.

ముప్పైఆరో ఏట, మోకాలికి రెండు ఆపరేషన్ల తర్వాత
అడిలైడ్‌లో ఆఖరిసారి.
నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను.
గాలి లేదు. జనం కూడా
ఎక్కువగా హైజంప్ వైపే.
ఆరో విసురు నలభైఎనిమిది మీటర్ల దగ్గర
దబ్బున పడింది,
తడి తువ్వాలులా.

ఆమె నిలబడింది. చూసింది.
వెనక సగంలోంచి బయటికొచ్చి
చేతికంటిన సుద్ద దులుపుకుంది.

నా కాళ్లు అప్పటికే గడ్డి వైపు లేచాయి.
ఇంతలో బొమ్మకారొకటి బుర్రుమంటూ వచ్చి
డిస్కస్‌ని వీపునేసుకు పోయింది.
జనీన్ నన్ను వెతికి పట్టుకుని
దాని వైపు వేలు చూపించి అరిచింది:
చూశావా,
అదైతే పుల్ల ఐసు అడగదు!